నిజాము వారి పసుపుపచ్చ మోటారు

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి పరిసర గ్రామములనుండి హైదరాబాదు చూడబోయినవారు చార్మినారును, సాలార్‌జంగు మ్యూజియమును చూచిన పిమ్మట, కాళ్లలో సత్తువ మిగిలియున్నచో, చౌమహల్లా ప్రాసాదమునకును పోవుట కలదు. అచట దర్బారు మందిరములోని గాజు దీపగుచ్ఛములను తలలెత్తి చూచి, వెలుపలికి వచ్చి, పాత మోటారు బండ్లు నిలిపిన తావున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఎదుట ఆగి, "దీని ఖరీదెంత ఉంటదో!" అని ఒకరినొకరు అడుగుకొందురు. ఆ ప్రశ్నకు సమాధానము వేలము వేయువారు చెప్పవలసినది. విజ్ఞాన దృష్టితో చూచువానికి అంతకంటె రుచించు ప్రశ్న వేరొకటి కలదు: ఇనుము, కఱ్ఱ, తోలు, రబ్బరు, బట్ట, వార్నిషు మొదలగు నశ్వర పదార్థముల కూడికయైన ఈ యంత్రము, నూరేండ్లు దాటిన తరువాత సైతము, మట్టిలో కలియక ఎట్లు నిలిచినది?

తిరుగలేదు గనుక చెడలేదని చెప్పుట పరిపాటి. వినుటకు ఇంపుగానే ఉండు ఈ మాట యంత్రములను ఎరిగినవారికి మాత్రము మింగుడుపడదు. తిరుగు బండి అరుగును, నిలిచిన బండి కుళ్లును. ఈ రెంటిలో రెండవదే మరమ్మతునకు లొంగని వ్యాధి.

ముందుగా యజమానుల కథ. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఈ బండిని పురమాయించెను. ఆ కాలమున రోల్స్‌రాయిస్ కంపెనీ వారు ఇంజనును, చట్రమును, చక్రములను మాత్రమే చేసి ఇచ్చెడివారు. పైనుండు పెట్టెను కొనువారి అభిరుచిని బట్టి వేరొక శిల్పశాల నిర్మించెడిది. నిజాము బండికి పెట్టెను కట్టినవారు లండను నగరమున 1710 నుండి రాచబండ్లు చేయుచు వచ్చిన బార్కర్ సంస్థవారు. లోపల వెనుక భాగమున సింహాసనము వంటి ఎత్తైన ఆసనమును, దానిపై కూర్చున్న ప్రభువు తలపాగాకు అడ్డురాని ఉన్నతమైన కప్పును అమర్చిరి. అందుచేతనే దీనికి సింహాసన శకటమను పేరు వచ్చినది. అయితే మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న మరణించెను. బండి సిద్ధమై వచ్చునప్పటికి గద్దెమీద ఉన్నవాడు ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్. కోరి చేయించుకొన్నవాడు ఎక్కలేదు, ఎక్కగలవాడు కోరుకొనలేదు. 1937 ఫిబ్రవరిలో అమెరికా దేశపు టైమ్ పత్రిక ముఖపత్రముపై ప్రపంచములోకెల్ల సంపన్నుడుగా ముద్రింపబడిన ఈ ఏడవ నిజాము సొంత ఖర్చుల విషయమున మిక్కిలి పొదుపరి. చౌమహల్లాను ఉత్సవములకు విడిచి కింగ్‌కోఠీలో కాపురముండెను. బండి ఉత్సవ వేళల బయటికి వచ్చుచు, అన్ని దశాబ్దములలోను కొన్ని వందల మైళ్లకు మించి తిరుగలేదు. 1967లో ఆయన మరణానంతరము ఇది మనుమడైన ముకర్రం జాకు సంక్రమించినది. ఆయన కథను కొంచెము తరువాత చెప్పుదును. ఈ ముగ్గురిలో ఇంజను విప్పి చూడ వేడుక గలవాడు ఆయన ఒక్కడే.

ఈ బండి జాతి పేరు సిల్వర్ గోస్ట్. 1907 మొదలు 1926 వరకు ఇంగ్లండులో 6,173, అమెరికాలో 1,701, వెరసి 7,874 తయారైనవి. ధనికులు దీనిని కోరుటకు కారణము వేగము కాదు, నిశ్శబ్దము. అప్పటి ఆరు సిలిండర్ల ఇంజనులకు ఒక మహావ్యాధి ఉండెడిది. సిలిండర్లలో పిస్టనులు పైకి క్రిందికి ఆడు ఆటను చక్రభ్రమణముగా మార్చు వంకర ఇరుసునకు క్రాంక్‌షాఫ్టు అని పేరు. ఆరు సిలిండర్లకు సరిపడ పొడవుగా చేసిన ఆ ఇరుసు, ఒక కొస ముందుగాను ఒక కొస వెనుకగాను తిరుగజూచుటచేత, తడిబట్టను పిండునప్పటివలె లోలోపల మెలిపడి, మరల విప్పుకొని, మరల మెలిపడుచుండును. ప్రతి లోహపు కమ్మికిని దానికే చెందిన ఒక కంపన వేగము కలదు గదా. ఇంజను పేలుళ్ల లయ ఆ వేగముతో ఏకీభవించిన క్షణమున మెలిపాటు పెరిగి పెరిగి, తుదకు ఇరుసే విరిగిపోవును. ఆ దినములలో ఎందరో కర్తలు ఆరు సిలిండర్ల ప్రయత్నమును ఇక్కడనే విడిచిపెట్టిరి.

హెన్రీ రాయిస్ బడిచదువు చాలని పేదయింటి బిడ్డ. విద్యుత్ క్రేనులు చేసి బ్రతికినవాడు. ఆయన ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు ముద్దలుగా పోతపోయించి, ఇరుసును లావుగా చేసి, దానిని ఏడు చోట్ల బేరింగులతో పట్టి ఉంచెను. ఒకటవ సిలిండరునకు ఆరవది, రెండవదానికి అయిదవది, మూడవదానికి నాలుగవది ప్రతిబింబములుగా నిలిచినందున, ముందు మూటి ఊపును వెనుక మూడును రద్దు చేయును. బేరింగులకు నూనెను ఒత్తిడితో పంపు ఏర్పాటు గావించెను. తిరుగు ఇరుసునకును దానిని పట్టియుండు తెల్లలోహపు బేరింగునకును నడుమ వెండ్రుక మందము కూడ లేని నూనె పొర ఏర్పడి, లోహము లోహమును తాకనే తాకదు. యంత్రము నడుచుచున్నంత సేపును ఈ పొర ఉండును, ఆగినప్పుడు జారిపోవును. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

నిజాము బండి నాటికి సిల్వర్ గోస్ట్ ఇంజను పరిమాణము 7,428 ఘన సెంటీమీటర్లు. సిలిండరు లోపలి వెడల్పు నాలుగున్నర అంగుళములు, పిస్టను నడక నాలుగుముప్పావు అంగుళములు. ఇంత పెద్ద ఇంజను ఇచ్చు శక్తి సుమారు 50 అశ్వబలము మాత్రమే. నేడు వేయి, పన్నెండువందల ఘన సెంటీమీటర్ల చిన్న కారు సైతము అంతకంటె ఎక్కువ ఇచ్చును. దీనిని లోపమని ఎంచరాదు. గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి సిలిండరులో సుమారు మూడు వంతులకు ఒకవంతుగా నొక్కి మండించెడివారు, నేటి ఇంజనులు పదింటికి ఒకటిగా నొక్కుచున్నవి. ఒత్తిడి తక్కువ, తాపము తక్కువ, నిమిషమునకు భ్రమణములు వేయి చిల్లర. చేయగలిగిన దానిలో కొద్దిభాగమునే ఏ యంత్రమును చేయమని అడుగుదుమో, ఆ యంత్రము దీర్ఘాయువగును. ఆ కాలపు పెట్రోలు నాసిరకమగుటచే తక్కువ ఒత్తిడి తప్పనిసరి కూడ. రాయిస్ ఆ నిర్బంధమునే గుణముగా మార్చుకొనెను.

నిప్పురవ్వ విషయమునను ఆయన ఒకే పద్ధతిని నమ్మియుండలేదు. ప్రతి సిలిండరునకు రెండు ప్లగ్గులు: ఒకదానికి ఇంజను తిప్పుచుండగా తానే విద్యుత్తును పుట్టించు మాగ్నెటో, రెండవదానికి బ్యాటరీతో పనిచేయుచు తుమ్మెదవలె రొదపెట్టు ట్రెంబ్లరు కాయిలు. దీనివలన ఒక చిత్రము జరుగుచుండెడిది. అప్పటి సిల్వర్ గోస్ట్ బండ్లకు సెల్ఫు స్టార్టరు లేదు. ముందు నిలిచి హ్యాండిలు తిప్పవలసినదే. అయితే, కొద్దిసేపటి క్రితము ఆపిన ఇంజనులో ఒక సిలిండరునందు మండని మిశ్రమము మిగిలియున్నచో, చోదకుడు తన పీట విడువకయే స్టీరింగు చక్రముపైనున్న మీటను జరిపి కాయిలు రవ్వను పుట్టించగా, అది మండి పిస్టనును త్రోసి, హ్యాండిలు ముట్టకుండ ఇంజను మెల్లగా కదలుచుండెను. దర్బారు ముంగిట నిలిచినవారికి ఇది ఇంద్రజాలముగా తోచియుండుట సహజము.

ఇక తిరిగిన బండి ఒకటి ఎట్లుండెనో చూతము. ఈ జాతికి పేరు తెచ్చిన మూలశకటమునకు 1907లో వెండి రంగు పూసి, కంపెనీ నిర్వాహకుడు క్లాడ్ జాన్సన్ సిల్వర్ గోస్ట్ అని నామకరణము చేసెను. లండను, గ్లాస్గో నగరముల నడుమ 27 పర్యాయములు దానిని నడపిరి. 629 మైళ్ల వద్ద రోడ్డు కుదుపునకు పెట్రోలు కుళాయి తనంతట మూసుకొనిపోగా ఒక నిమిషము ఆగినది. ఆ తరువాత 14,371 మైళ్లు తనంతట ఆగనే లేదు. 15,000 మైళ్లు ముగిసిన పిమ్మట పరీక్షకుల ఎదుట దానిని మరమరగా విప్పి, అరిగిన భాగములను మార్చి మరల క్రొత్తదానితో సమానము చేయుటకు ఎంతగునని లెక్క చూడగా 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు తేలినది. 1908లో దానిని కొన్న డాన్ హాన్‌బరీ 1948 వరకు వాడి, లక్షల మైళ్లు తిప్పెను. మొత్తము మీద అది అయిదు లక్షల మైళ్లు దాటినది. అదియు నేటికి చెక్కుచెదరక ఉన్నది! లక్షల మైళ్లు తిరిగినదియు మిగిలెను, కొన్ని వందల మైళ్లు తిరిగినదియు మిగిలెను. కావున మైళ్ల లెక్కలో ఆయువు రహస్యము లేదని ఒప్పుకొనక తప్పదు.

ఊరేగింపు బండికి దూరప్రయాణపు బండికంటె ఎక్కువ కీడు ఎట్లు కలుగునో రసాయనశాస్త్రము చెప్పును. పెట్రోలు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువుతో పాటు నీరును పుట్టును. ఒక లీటరు పెట్రోలు మండినచో రమారమి ఒక లీటరు నీరు. వినుటకు వింతగా ఉండును గాని, లెక్క సరియైనదే: పెట్రోలులోని ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలియుటచే ఇంత బరువు వచ్చుచున్నది. ఇంజను బాగుగా వేడెక్కి గంటల తరబడి నడచినచో ఈ నీరు ఆవిరియై పొగగొట్టము వెంట పోవును. కోటగుమ్మమునుండి మసీదు దాకా పోయి, వేడెక్కక ముందే షెడ్డు చేరు బండిలో, వేడి చాలక ఆ ఆవిరి సిలిండరు గోడలపైనను, నూనె తొట్టిలోను చెమ్మగా దిగి, నూనెతో కలిసి పులుపెక్కి, పోత ఇనుమును, బేరింగు లోహమును తినుచుండును. పైన చెప్పిన నూనె పొర అప్పటికే జారిపోయి ఉండును. రాజుగారి బండికి జరిగిన వాడుక అంతయు ఈ తరహాదే. వారమునకొకసారి స్టార్టు చేసి రెండు నిమిషములలో ఆపుచు మన ఇండ్లలో స్కూటర్లకు చేయు సేవయు ఇట్టిదే. అసలు స్టార్టు చేయకుండుట దీనికంటె మేలు.

లోహములన్నియు ఒకేవిధముగా కాలమునకు లొంగవు. దీనికి దృష్టాంతము కొరకు మేము దూరము పోనక్కరలేదు. నేలకొండపల్లిలో జన్మించి పాల్వంచ తహశీలుదారుడైన కంచర్ల గోపన్న, తానీషా కాలమున భద్రాచల రామునకు చేయించిన బంగారు నగలు మూడువందల ఏండ్లు గడచినను దేవస్థానమున మెరయుచున్నవి; బంగారము గాలితో, నీటితో కలియనొల్లదు. వెండి అట్లు కాదు. గాలిలోని రవ్వంత గంధకపు వాయువును పట్టి నల్లబడును. ఇనుము సంగతి చెప్పనక్కరలేదు. మా నేలకొండపల్లి బౌద్ధస్తూపము చెంత మట్టిలో దొరికిన సున్నపురాతి బుద్ధవిగ్రహములు వందల ఏండ్లు భూమిలో నిద్రించియు ముక్కు చెవులతో లేచివచ్చినవి. అదే మట్టిలో అన్ని ఏండ్లు ఇనుప యంత్రమును పాతిపెట్టినచో ఎఱ్ఱని మరక తప్ప ఏమియు మిగులదు. గాలిలో తేమ అరువది శాతము దాటినప్పుడు ఇనుముపై కంటికి కానరాని నీటిపొర ఏర్పడి, ఆ పొరయందు విద్యుత్ ప్రవాహము మొదలై తుప్పు వేగమందుకొనును. హైదరాబాదు సముద్రమునకు దూరమున, దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండి, వానకాలము తప్పించి పొడిగానే ఉండును, ఉప్పుగాలి లేదు. ఈ బండి బందరులోనో, బొంబాయిలోనో నిలిచియున్నచో నేడు దాని గూర్చి వ్రాయవలసిన పని ఉండెడిది కాదు. యజమానులలో ఎవ్వరికిని దక్కవలసిన పేరు కాదిది; వాతావరణమునకు దక్కవలసినది.

లోహము కానివి ఇంకను సుకుమారములు. టైరు రబ్బరునకు గంధకము కలిపి కాచుటచే గట్టిదనము వచ్చును గాని, దాని అణుశృంఖలల జంటబంధములను గాలిలోని ఓజోను తెంచుచుండును. బరువుతో ఒకేచోట నిలిచి వంగిన భాగమున పగుళ్లు ముందుగా పుట్టును. అందుకే నిలిపిన బండిని జాకీలపై ఎత్తి ఉంచుదురు. పెట్రోలులో తేలిక భాగములు ఎగిరిపోగా మిగిలినది గాలితో కలిసి జిగురై కార్బురేటరు సన్నరంధ్రములను మూయును. ఈ విషయములో నేటి పెట్రోలు నాటిదానికంటె కష్టము తెచ్చిపెట్టినది: ఇప్పుడు దానిలో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. మా పాలేరు ఆయకట్టులో పండు చెరకు వంటి పంటలనుండి పుట్టు ఈ సారము నీటిని ఆకర్షించు స్వభావము గలది. పాత రబ్బరు గొట్టములను ఉబ్బించును, ఇత్తడి భాగములను పట్టును. చెరకు రైతునకు లాభమైనది పాత బండ్ల ప్రియులకు తలనొప్పి అయినది.

పైపూత కథ వేరు. 1912 నాటికి నేడు మనమెరిగిన స్ప్రే రంగులు లేవు. త్వరగా ఆరు నైట్రోసెల్యులోసు రంగులు 1920 తరువాతనే మోటారు పరిశ్రమకు వచ్చినవి. అంతకుముందు గుఱ్ఱపు బండ్ల పద్ధతిలోనే, సీసపు తెలుపును నూనెతో నూరి పూయుట, ఆరిన పిమ్మట రాతిపొడితో నీళ్లు చిలుకరించుచు అరగదీయుట, మరల పూయుట, ఇట్లు వారములు పట్టు పని. దానిమీద వార్నిషు. కాలము గడచినకొలది వార్నిషు పసుపుబారును. పసుపుపచ్చని బండికి అది ఒక విధముగా అదృష్టమే. తళతళలాడవలెనని తుడుచు సేవకుని భక్తి మాత్రము ప్రమాదకరము: ప్రతి తుడుపుతోను పూతలో కొంత, వెండి మలాములో కొంత గుడ్డకంటుకొని పోవును. ఎక్కువ ప్రేమించబడిన వస్తువు ఎక్కువ అరుగును.

ముకర్రం జా ఇంగ్లండున హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్‌స్ట్‌లలో చదివెను. సింహాసనముకంటె యంత్రముల మీద మక్కువ ఎక్కువ. ప్రాసాదపు గ్యారేజీలో చేతులకు గ్రీజు పూసుకొని కార్లు విప్పుట ఆయనకు వేడుక. 1970వ దశకమున పశ్చిమ ఆస్ట్రేలియాలో గొఱ్ఱెల పెంపక క్షేత్రమును కొని, అచట బుల్‌డోజరు తానే నడుపుచు కాలము గడపెను. ఇచట హైదరాబాదులో ప్రాసాదములు, వాహనములు వ్యాజ్యములలోను, అశ్రద్ధలోను శిథిలమైనవి. యంత్రము తెలిసిన యజమాని దూరమున ఉండగా ఈ బండి చెడుట, యంత్రము పట్టని తాతగారి కాలమున నిలుచుట — విధి వైపరీత్యము గాక మరేమి? తరువాత ఆయన మొదటి భార్యయైన రాకుమారి ఎస్రా పూనికతో చౌమహల్లా జీర్ణోద్ధరణము జరిగి, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారమును పొందినది. ఈ బండియు ఆ ఉద్ధరణములో భాగముగా మరల నిలబడినది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబులునందు మరణించగా, మక్కా మసీదు ఆవరణమున ఖననము జరిగెను.

ఇక ఇట్టి బండ్లను బాగుచేయు చేతుల సంగతి. నా అభిప్రాయములో నిజాము రాజ్యపు ప్రజలకు మోటారు అనుభవము ఈ పసుపుపచ్చని బండి ద్వారా రాలేదు. 1932 జూన్‌లో నిజాము స్టేటు రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. హ్యాండిలు తిప్పి స్టార్టు చేయు ఆల్బియను బస్సులు, డిపోలలో వాటిని విప్పి బిగించిన మెకానికులు, మన పల్లెలకు యంత్రమును దగ్గర చేసిరి. ఆ మెకానికుల శిష్యపరంపర లేకున్నచో రాజవంశపు బండ్లకు మరల ప్రాణము పోయు చేతులు మన నగరమున దొరకకపోయెడివి. చరిత్ర గ్రంథములలో యజమానుల పేర్లుండును. నూనె మార్చినవాని పేరు ఎచటను ఉండదు.

మన ప్రాంతమున చెరకు గానుగలను తిప్పిన పాత ఆయిలింజనులు, తండ్రులనాటి ట్రాక్టర్లు, అంబాసిడర్లు, రాజదూత్ మోటారు సైకిళ్లు పశువుల కొట్టములలో గోనెపట్టాల క్రింద ఎన్నియో ఉన్నవి. వాటిని ఇనుప సామాను వానికి తూకమునకు వేయకముందు ఈ పనులు చేసి చూడుడు: పెట్రోలు ఉన్నచో పూర్తిగా ఓడ్చుడు, పాత నూనె తీసి క్రొత్తది పోయుడు, ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండరులో రెండు చెంచాల నూనె వేసి, నెలకొకసారి ఇంజనును స్టార్టు చేయక చేతితో తిప్పుడు, బ్యాటరీని విప్పి వేరుగా ఉంచుడు, చక్రములను నేలనుండి ఎత్తి ఇటుకలపై నిలుపుడు, గాలి ఆడని ప్లాస్టికు పరదాను తీసివేసి నూలుబట్ట కప్పుడు, ప్లాస్టికు క్రింద చెమ్మ చేరును. నిజాము బండి ఇంజనును కాపాడునవియు ఈ పనులే, అంతకంటె వేరేమియు లేదు. చౌమహల్లా చూడదలచినవారు శుక్రవారము తప్పించి పోవలెను, ఆనాడు మూసియుందురు.